ఎవరూ రాలేదు

పాలకుంట,
2 జులై 2023, ఆదివారం

ప్రియమైన అత్తమ్మకు,

వందనాలు. నేను పాలకుంట చేరి పది రోజులైంది. ఫోన్‌లో నా గొంతు నీ చెవి మెషిన్‌కు గరగరే తప్ప మాటగా అందదని నువ్వే అన్నావు. మెసేజీల అక్షరాలు నీ కంటికి ఆనవు. కాబట్టి మనకు ఉత్తరమే దారి. చిన్నప్పుడు నా ఉత్తరాల్లో తప్పులు ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపేదానివి. ఈసారి దయచూడు.

తాతయ్య పాస్టరుగా ఉన్న గుడికే నన్ను వేస్తారని అనుకోలేదు. బిషప్ గారు కావాలనే వేశారో, ఖాళీ అదొక్కటే ఉందో తెలియదు. ఆంగ్లికన్ దొరల నాటి నల్లరాతి గోడలు అలాగే ఉన్నాయి. పైన పెంకులు మాత్రం మార్చారు. పాస్టరు అంగీ తొడుక్కునే వెస్ట్రీ గదిలో తాతయ్య ఫోటో ఉంది. దాని కింద ‘పద్నాలుగేండ్లు మందను కాచిన కాపరి’ అని రాశారు. మొదటి ఆదివారం నేను తెల్లంగీ వేసుకుని బయటికి రాగానే ఒక ముసలమ్మ నా వెనక్కి తొంగిచూసి, “అయ్యగారేడి బిడ్డా?” అంది. “నేనే అమ్మా” అన్నాను. నన్ను కిందికీ మీదికీ చూసి, “ఔనా? మంచిగనే ఉన్నవ్ తియ్” అంది. ఆ మాటతో నా నియామకం ఖాయమైందనుకున్నాను.

నాట్ల కాలం కదా, ఆరాధన ఉదయం ఆరింటికే పెడుతున్నాను. ఆమెన్ అంటూనే ఆడవాళ్ళు కొంగులు బిగించి పొలాలకు పోతారు. ఆ తర్వాత ఐదు గూడేలు నా స్కూటీ మీద తిరుగుతాను. జ్వరం పిల్లకు ప్రార్థన, విత్తనం చల్లేముందు ప్రార్థన. మొన్న ఈనలేక పడిపోయిన గేదెకు కూడా ప్రార్థన చేయమన్నారు. వేదాంత కళాశాలలో గేదె గురించి ఒక్క పాఠమూ లేదు. అయినా చేశాను. గేదె లేచింది.

ఒక సంగతి అడగాలి. అంజయ్య అని ఒక పెద్దాయన ఉన్నాడు, డెబ్బై దాటింది. ప్రతి ఆదివారం అందరికంటే ముందు వస్తాడు. లోపలికి రాడు. బయట మెట్టు మీద కూర్చుంటాడు. కీర్తనలన్నీ నోటికి వచ్చు, నేను పుస్తకం చూసి చదివే ప్రార్థనలు కూడా చూడకుండా చెబుతాడు. ఆయన భార్య భాగ్యమ్మ లోపల ఆడవాళ్ళతో కూర్చుంటుంది. నేను రొట్టె చేతిలోకి తీసుకోగానే ఆయన లేచి, వెళ్ళి ప్రహరీగోడ దగ్గర నిలబడతాడు. ప్రభు భోజన సంస్కారం అయ్యేదాకా అక్కడే. సంఘపెద్దల్ని అడిగితే, “గది పాత లొల్లి అమ్మగారు, గాయన సంగతి గంతే” అంటారు.

నువ్వు ఈ ఊళ్ళోనే పెరిగావు కదా. నీకేమైనా తెలుసా?

నీ
లహరి


నాంపల్లి,
14 జులై 2023

చిరంజీవి లహరికి,

నీ ఉత్తరం చేరింది. రెండుచోట్ల తప్పులున్నాయి. దిద్దలేదు.

ఇక్కడ వానలు. స్టేషన్ వెనక మా గల్లీలో మోకాటి లోతు నీళ్ళు. రైళ్ళ చప్పుడు ఇప్పుడు నాకు వినబడదు, నేల అదిరితే తెలుస్తుంది. హిమాయత్‌నగర్ డాక్టరు మెషిన్ మార్చమంటున్నాడు. అరవై అయిదేళ్ళ చెవులకు ఇంకేం మార్చినా ఇంతే. కింది వాటా విమల కూరగాయలు తెచ్చిపెడుతోంది. అబిడ్స్ గుడిలో సండేస్కూలు ఇంకా నేనే చూస్తున్నాను. పిల్లల పెదవులు చూస్తే పాఠం అప్పజెబుతున్నారో, అల్లరి చేస్తున్నారో తెలిసిపోతుంది.

అంజయ్య అనే మనిషి ఉండేవాడు. నాన్నతో ఏదో మాటామాటా వచ్చింది. పాత సంగతి. నీకంటే ముందు పనిచేసిన ఏడుగురు పాస్టర్లు దాన్ని కదపలేదంటే కారణం ఉంటుంది. కొత్తగా వెళ్ళినవాళ్ళు ముందు చేతిలో ఉన్న పని చూసుకోవాలి.

వాగు దాటేటప్పుడు స్కూటీ దిగి నడిపించు. అక్కడ రాళ్ళు జారతాయి.

మీ అత్తమ్మ
స్నేహలత


పాలకుంట,
20 ఆగస్టు 2023

ప్రియమైన అత్తమ్మకు,

నువ్వు వద్దన్న పనే చేశాను. కోపగించుకోకు.

పోయిన వారం భాగ్యమ్మ ఇంటికి వెళ్ళాను. చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. నేనూ కూర్చుని తీశాను. బుట్ట సగం నిండాక తనే మొదలుపెట్టింది. వాళ్ళకు మొదట ఆడపిల్ల పుట్టిందట, నలభై తొమ్మిదేళ్ళ కింద. ఏడు నెలల పిల్ల. బాప్తిస్మం కోతల పండుగకు ఇప్పిద్దామనుకున్నారు. ఆగస్టు ముసురులో జ్వరం వచ్చి పిల్ల కళ్ళు తేలేసింది. అంజయ్య వాన్లో వాగు దాటి పాస్టరు బంగళాకు పరుగెత్తాడు. చెప్పి వచ్చాడు. తాతయ్య రాలేదు. దీపాలు పెట్టే వేళకు పిల్ల పోయింది. బాప్తిస్మం లేదు కాబట్టి గుడి సమాధుల తోటలో చోటు లేదన్నారు. ప్రహరీ బయట పూడ్చారు.

ఆదివారం అంజయ్య గుడిలో లేచి, “పిలిస్తే రాకపోతివి గదయ్యా” అని తాతయ్యను నిలదీశాడట. తాతయ్య, “నేను మా ఇంట్లో అడిగి తెలుసుకున్నాను. ఎవరూ రాలేదు. దేవుని ఇంట్లో నిలబడి అబద్ధమాడుతున్నావు. పశ్చాత్తాపపడేదాకా ప్రభువు బల్ల దగ్గరికి రావద్దు” అన్నాడట. అంజయ్య ఒక్కటే మాట అన్నాడు: “వచ్చిన.” అని మెట్లు దిగిపోయాడు.

“ఎవరికి చెప్పాడు భాగ్యమ్మా?” అంటే, “ఇంట్ల చెప్పిండు” అంది. అంతకంటే చెప్పలేదు. నన్ను చూసి గింజల వైపు తిరిగింది.

తర్వాత వచ్చిన పాస్టర్లంతా ‘ఒక్క మాట తప్పైందని చెప్పు, లోపలికి రా’ అన్నారట. “ఆడని అబద్ధానికి ఎట్ల తప్పంటా” అని ఆయన మొండిపట్టు. పిల్ల కోసం నాకు భయం లేదు అత్తమ్మా. ఒక్క చుక్క నీటి కోసం దేవుడు ఏడు నెలల పిల్లను బయట నిలబెట్టడు. మనుషులే నిలబెట్టారు.

తాతయ్య అబద్ధం చెప్పే మనిషి కాదు. అంజయ్యను చూస్తే ఆయనా కాదు. మరి మధ్యలో ఏం జరిగింది? ఆ రోజు నువ్వు ఇంట్లో ఉండి ఉంటే ఒక్క వాక్యం రాయి. ఎవరైనా వచ్చారా, రాలేదా. అది చాలు.

నీ లహరి


నాంపల్లి,
30 ఆగస్టు 2023

లహరికి,

నీ ప్రశ్నకు జవాబు. 1974లో నేను హనుమకొండ హాస్టల్లో ఉన్నాను. నాకేమీ తెలియదు.

చనిపోయినవాళ్ళను బోనులో నిలబెట్టడం తేలిక, వాళ్ళు తిరిగి మాట్లాడరు. మీ తాతయ్య ఆ ఊళ్ళో కలరా రోజుల్లో శవాలను తన చేతులతో పూడ్చిన మనిషి. ఆయన ఫోటో కింద నిలబడి అంగీ తొడుక్కుంటున్నావు. అది గుర్తుపెట్టుకో.

ఆరోగ్యం జాగ్రత్త.

స్నేహలత


పాలకుంట,
8 అక్టోబరు 2023

ప్రియమైన అత్తమ్మకు,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

ఇద్దరు పిల్లల పెళ్ళికి పాత బాప్తిస్మం రిజిస్టరు కావాల్సి వచ్చి ఇనప్పెట్టె తీశాను. దాని కింద, పెద్దైన పిల్లల్ని ప్రభువు బల్లకు చేర్చుకునే కన్ఫర్మేషన్ల రిజిస్టరు ఉంది. తాతయ్య చేతిరాత. 1974 ఆగస్టు 18, ఆదివారం, బిషప్ గారి చేతుల మీదుగా కన్ఫర్మేషన్ పొందినవారు పదకొండుమంది. మూడో పేరు నీది. ‘స్నేహలత, వయసు పదహారు, పాస్టరు కుమార్తె. రెండు నెలల తరగతులకు ఒక్కరోజూ మానక హాజరైనది.’

నేను ఏమీ అడగను. చదివింది నీకు చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను, అంతే.

అంజయ్య మంచం పట్టాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయి. వరంగల్ దవాఖానలో చూపిస్తే ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఖమ్మంలో ఉన్న కొడుకు వచ్చి చూసి ఏడ్చి వెళ్ళాడు. నేను సంస్కారం తీసుకుని ఇంటికే వెళ్ళాను. రొట్టె విప్పబోతే నా చెయ్యి పట్టుకున్నాడు. “వద్దు బిడ్డా. నిన్ను కాదనుడు కాదు. నా మాట అబద్ధమన్న గుడిది నేనెట్ల తింట? నిజమేనని గుళ్ళె ఒక్కసారి చెప్పుమను. గప్పుడు తింట” అన్నాడు.

సంఘపెద్దల కమిటీని కూర్చోబెట్టాను. “అంత పెద్ద అయ్యగారు అన్న మాటను సాక్ష్యం లేకుండ ఎట్ల తీసేస్తం?” అన్నారు. వాళ్ళ మాటలోనూ న్యాయం ఉంది. ఆ రోజు బతికున్నవాళ్ళు ఇప్పుడు ఎందరున్నారు!

ఆయనకు ఇంక వారాలే ఉన్నాయి అత్తమ్మా.

లహరి


నాంపల్లి,
19 అక్టోబరు 2023

లహరీ,

ఆ రోజు ఇంట్లో నేనే ఉన్నాను. తలుపు తీసింది నేనే.

గురువారం. నాన్నకు టైఫాయిడ్ వచ్చి తొమ్మిదో రోజు. అన్ని రోజులూ కన్ను మూయని మనిషి, ఆ మధ్యాహ్నం మొదటిసారి నిద్రపోయాడు. అమ్మ పక్క ఊరికి పురుడు పొయ్యడానికి వెళ్ళింది. నాలుగేళ్ళ మీ నాన్న వరండాలో ఆడుకుంటున్నాడు. నేను ముందుగదిలో కన్ఫర్మేషన్ ప్రశ్నలు బట్టీపడుతున్నాను. తలుపు చప్పుడైంది. నాన్న లేస్తాడేమోనని పరుగెత్తాను.

అంజయ్య. అప్పుడాయనకు పాతికేళ్ళుంటాయి. గొంగడి నుంచి నీళ్ళు కారుతున్నాయి. మోకాళ్ళదాకా బురద. “అమ్మా, అయ్యగారిని జర లేపు. బిడ్డ కండ్లు తేలేస్తాంది. ఇంక బాప్తిస్మం కాలె” అన్నాడు.

“నాన్నకు జ్వరం. ఇప్పుడే పడుకున్నాడు.”

“ఎత్తుకపోత. నా భుజం మీద ఎత్తుకపోయి మళ్ళ తెచ్చి పండవెడ్త.”

“లేవగానే చెప్తాను. నువ్వు పో, పిల్ల దగ్గరుండు.”

నా మొహంలోకి చూశాడు. “మరువకు తల్లీ” అని వానలోనే పరుగెత్తాడు.

నేను మరువలేదు, లహరీ. మరిచిపోయి ఉంటే ఈపాటికి నన్ను నేను క్షమించుకునేదాన్ని. నాన్న నాలుగింటికి లేచాడు. గంజి తాగాడు. గిన్నె పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. చెబితే లేచి వెళ్తాడు, ఆ ఒంటితో వాగు దాటితే బతకడు అనుకున్నాను. అది నిజమైన భయమే. కానీ దాని అడుగున ఇంకొకటి ఉంది. మధ్యాహ్నమే ఎందుకు లేపలేదని తిడతాడని. రెండోదే పెద్ద భయమని ఇప్పుడు తెలుస్తోంది. గిన్నె కడిగి బోర్లించాను. ప్రశ్నల పుస్తకం తీశాను.

తెల్లారి అమ్మ వస్తూ పిల్ల పోయిందన్న కబురు తెచ్చింది. నాన్న మంచం మీద లేచి కూర్చున్నాడు. “అయ్యో, ఒక్కరూ చెప్పలేదే! ఎవరన్నా వచ్చారా అమ్మా?” అని నన్నడిగాడు.

“ఎవరూ రాలేదు నాన్నా.”

అంతే. నాలుగు మాటలు కూడా కాదు. ఆదివారం నాన్న జ్వరంతోనే గుడికి వచ్చాడు. అంజయ్య “వచ్చిన” అన్నప్పుడు నా వైపే చూశాడు. ‘ఈ పిల్లకే చెప్పిన’ అని వేలు చూపిస్తే సరిపోయేది. చూపించలేదు. నేను తల వంచుకున్నాను. మరుసటి ఆదివారం బిషప్ గారు నా నెత్తిమీద చెయ్యి పెట్టారు. మొదటిసారి రొట్టె తిన్నాను. నిజం చెబితే నాన్న నన్ను ఆ వరసలో నిలబడనిచ్చేవాడు కాదు.

ఆ తర్వాత చాదర్‌ఘాట్ బడిలో ముప్పై నాలుగేళ్ళు పాఠం చెప్పాను. అబద్ధమాడిన పిల్లల్ని బెంచీ ఎక్కించాను. ఎప్పుడో ప్రార్థనల పుస్తకం తిరగేస్తుంటే, పాస్టరు దొరకనప్పుడు విశ్వాసి ఎవరైనా నీళ్ళు పోసి బాప్తిస్మం ఇవ్వవచ్చని చదివాను. అంటే నేను వెళ్ళి ఉండవచ్చు. నాన్నను లేపకుండానే. ఆ పేజీ మళ్ళీ తెరవలేదు.

నాన్న పోయేముందు, ఈ గదిలోనే, ఒకరోజు హఠాత్తుగా అడిగాడు. “ఆనాడు ఎవరూ రాలేదు కదమ్మా?” ఇరవై నాలుగేళ్ళ తర్వాత. ఆయన ఎన్నిసార్లు ఆ మాట లోపల తిప్పుకున్నాడో. నేను, “రాలేదు నాన్నా” అన్నాను. “సరే” అని గోడవైపు తిరిగాడు. మూడోసారి నీకు హాస్టల్ అని రాశాను.

ఇది రాస్తుంటే విమల అన్నం తెచ్చింది. నా మొహం చూసి, నాతో మాట్లాడేవాళ్ళు రాసే పలక తీసుకుని, ‘టీచరమ్మా, ఏమైంది, ఏం ఫికర్?’ అని రాసింది. ఆమెకేం చెప్పను.

ఈ ఉత్తరం గుడిలో చదివి వినిపించు. నాన్న పేరు పోతుందని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. పోయేది నాది.

స్నేహలత


పాలకుంట,
25 అక్టోబరు 2023

అత్తమ్మా,

నీ ఉత్తరం వెస్ట్రీలో నిలబడి చదివాను. రెండోసారి కూర్చుని చదివాను. నీ మేనకోడలిగా నీ మీద కోపం వచ్చింది. నువ్వు నన్ను చూసుకున్న తీరంతా గుర్తొచ్చి ఆ కోపం నిలవలేదు. మళ్ళీ భాగ్యమ్మ ముఖం గుర్తొచ్చి తిరిగొచ్చింది. ఇప్పటికీ అటూ ఇటూ ఊగుతూనే ఉంది. నీతో అబద్ధం చెప్పలేను.

ఇంకొకటి కూడా చెప్పాలి. తప్పంతా నీది కాదు. తాతయ్య ముందు రెండు మాటలున్నాయి. ఒకటి తన ఇంటిది, ఇంకొకటి గూడెంలోని కూలివాడిది. ఆయన మళ్ళీ ఒకసారి అడగలేదు, అంజయ్యను పక్కకు పిలిచి ‘ఎవరికి చెప్పావు నాయనా’ అనలేదు. ఇంటి మాట నమ్మాడు, గుడిలో తీర్పు చెప్పాడు. పదహారేళ్ళ పిల్ల భయపడింది. నలభై ఏళ్ళ పాస్టరు తొందరపడ్డాడు. రేపు నేను కూడా అలా చెయ్యగలను. అందుకే ఆ ఫోటో తీసేయను, దాన్ని చూసి భయపడతాను.

ఉత్తరం చదవను. ఆయనకు కాగితం అక్కర్లేదు. నువ్వు రావాలి. నవంబరు ఐదు ఆదివారం, సకల పరిశుద్ధుల పండుగ. శనివారం రైలెక్కు. మహబూబాబాద్ స్టేషన్లో నేనుంటాను.

అంజయ్యకు ఇంకా ఏమీ చెప్పలేదు. చెప్పాల్సింది నేను కాదు.

లహరి


నాంపల్లి,
30 అక్టోబరు 2023

లహరీ,

వస్తున్నాను.

నిన్న అబిడ్స్ గుడికి వెళ్ళాను కానీ బల్ల దగ్గరికి వెళ్ళలేదు. నా బెంచీలోనే ఉండిపోయాను. అందరూ పక్కనుంచి వెళ్ళి తిరిగి వస్తుంటే కాళ్ళు ముడుచుకుని దారివ్వడం ఎలా ఉంటుందో ఒక్కపూటకే తెలిసింది. ఆయన నలభై తొమ్మిదేళ్ళు అలా ఉన్నాడు. సండేస్కూలు ఇంకెవరికైనా అప్పగించమని పాస్టరు గారికి చెప్పాను. కారణం కూడా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడాడు. పెదవులు చూడలేదు కనుక ఏమన్నాడో తెలియదు.

నా భయమొకటి నీకు చెప్పాలి. అక్కడ ఆయన నన్ను తిడితే నాకు వినబడదు. తిట్టించుకోవలసినదాన్ని, తిట్టు కూడా అందనిదాన్ని. ఎవరేమన్నా, ఒక్క ముక్క వదలకుండా తర్వాత నాకు రాసిపెట్టు. మెత్తబరచి రాయకు.

శనివారం కలుద్దాం.

స్నేహలత


పాలకుంట,
26 నవంబరు 2023

ప్రియమైన అత్తమ్మకు,

అంజయ్య పోయిన కబురు విమల గారి ఫోన్‌కు పంపాను, చెప్పే ఉంటుంది. అందుకే ఈ ఉత్తరం ఆలస్యమైంది. మాట ఇచ్చినట్టే, ఆ రోజు నువ్వు చూసి, వినలేకపోయినవన్నీ రాస్తున్నాను. మెత్తబరచలేదు.

నువ్వు ముందుకెళ్ళి నిలబడి చెప్పావు. నీ గొంతు నీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను, చివరి బెంచీదాకా వినబడింది. “ఆ రోజు అంజయ్య వచ్చాడు. నాకే చెప్పాడు. నేను మా నాన్నతో ఎవరూ రాలేదని అబద్ధం చెప్పాను” అన్నావు. ఆ తర్వాత నువ్వు ఏడుస్తున్నావు కాబట్టి చూడలేదేమో, మూడో బెంచీలోంచి కమిటీ పెద్ద లేచాడు. “ఇప్పుడెందుకమ్మా గివన్నీ? సచ్చిపోయిన అయ్యగారి ఇజ్జత్ తీసుడేనా?” అన్నాడు. ఇద్దరు ముగ్గురు ఔనన్నారు.

అప్పుడు, గుడి గుమ్మంలోకి మోసుకొచ్చిన మంచం మీంచి అంజయ్య చెయ్యి లేపాడు. ఖమ్మం నుంచి మళ్ళీ వచ్చిన కొడుకు ఎత్తి కూర్చోబెట్టాడు. నువ్వు దగ్గరికి వెళ్ళి మంచంకోడు పట్టుకుని కింద కూర్చున్నావు. ఆయన నీతో మాట్లాడినది ఇది. ఊపిరి అందక మధ్యమధ్య ఆగుతూ చెప్పాడు.

“చెప్తవనే చూసిన తల్లీ. ఆ వారం చూసిన. కన్ఫర్మేషన్ నాడు చూసిన. పెద్దగైనంక చెప్తదనుకున్న. ఏడాదికోపారి మీ అయ్యతోని పట్నంకెల్లి వస్తే, ఇయ్యాల చెప్తదనుకున్న. గందుకే మెట్టు ఇడువలె.”

కమిటీ పెద్ద, “మరి పేరు చెప్తే అయిపోవుగా తాతా, ఇన్నేండ్లు ఎందుకు మూస్కున్నవ్?” అన్నాడు.

“పదారేండ్ల పిల్ల. నేను చెప్తే నా మాటయితది. ఆమె చెప్తే నిజమైతది” అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. అది నీతో కాదు, భాగ్యమ్మ వైపు చూస్తూ. “నేను గా వాకిట్లనే నిలవడి పెద్దగ కేకేస్తే అయ్యగారు లేచేటోడు. ఆడపిల్ల పో అంటే మళ్ళొచ్చిన. అది నా తప్పు. అది నేనెవలికి చెప్పలె.”

కమిటీ పెద్ద కూర్చోలేదు. ముందుకొచ్చి అంజయ్య కాళ్ళ దగ్గర నిలబడి, “సంఘం తరఫున చెప్తున్న. నువ్వు అబద్ధమాడలే తాతా” అన్నాడు. అప్పుడు నేను రొట్టె విరిచాను. నువ్వు చూశావు. ఆయన నమలలేక చాలాసేపు నోట్లో ఉంచుకున్నాడు. కొడుకు నీళ్ళు తాపబోతే వద్దన్నాడు.

ఆ వేళే భాగ్యమ్మ లేచి బయటికెళ్ళడం కూడా నువ్వు చూశావు. ఆమె తలుపు దగ్గర నాతో అన్న మాట, వదలకుండా రాయమన్నావు కనుక రాస్తున్నాను: “ఆయన మాఫ్ చేసిండు. ఆయన గుణం గసుంటిది. నేను చెయ్యలె. గా బిడ్డ నా పాలు తాగింది.”

అంజయ్య పదహారో తారీఖు ఉదయం పోయాడు. పోయేముందు, గుడి తోటలో వద్దు, బిడ్డ పక్కన పెట్టమన్నాడు. ప్రహరీ బయట. ఎంత చెప్పినా వినలేదు. అక్కడే పెట్టాం. అంత్యక్రియల తర్వాత కమిటీ వాళ్ళు అక్కడే నిలబడి మాట్లాడుకున్నారు. చివరికి ఆ పెద్దే అన్నాడు: “గోడ మనం కట్టిందే గదా. మనమే జరుపుదాం.” గడిచిన వారం మగవాళ్ళంతా పొలం పని అయ్యాక వచ్చి పాత రాళ్ళు ఊడదీశారు. ఇప్పుడు గోడ పన్నెండడుగులు అవతలికి పోయింది. ఇద్దరూ లోపల ఉన్నారు. సమాధుల రిజిస్టరులో రాయడానికి పిల్లకు ఏం పేరు అనుకున్నారని భాగ్యమ్మను అడిగాను. “రూతు” అంది. ఆ పేరు పలికి ఎన్నేళ్ళైందో, తన గొంతు తనకే కొత్తగా ఉన్నట్టు నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

నిన్న ఆమె నా దగ్గరికొచ్చింది. అసలు ఈ ఉత్తరం ఇందుకే. ఆమె అన్నది ఇది:

“ఆయన ఆ పొద్దు వాన్ల వోయి ఏం చెప్పిండో, ఎట్ల నిలవడ్డడో, నాకు ఎన్నడు చెప్పలె. అడిగితే లేచిపోయేటోడు. చూసింది గామె ఒక్కతే. మీ మేనత్తను మళ్ళ రమ్మను. మాఫ్ చేస్తనని కాదు. గా ముచ్చట నాకు చెప్పమను. మొత్తం చెప్పమను.”

నేనేమీ మాట ఇవ్వలేదు. అది నువ్వే చూసుకో.

నీ
లహరి


నాంపల్లి,
2 డిసెంబరు 2023

ప్రియమైన లహరీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తప్పులు వెతకలేదు.

నాన్న పోయినప్పుడు కూడా రాని ఏడుపు, ‘మెట్టు ఇడువలె’ అన్న చోట వచ్చింది. విమల పలక తెచ్చింది. ఈసారి నేనే రాసి చూపించాను, మొత్తం. చదివి పలక తుడిచేసింది. నా పక్కన కూర్చుంది. లేచేముందు, ‘ఎప్పుడు పోతున్నవ్?’ అని రాసింది.

పదకొండో తారీఖు సోమవారం రైలుకు టికెట్ తీసుకున్నాను. చలి కాబట్టి సుల్తాన్ బజార్‌లో ఒక శాలువా కొన్నాను, నాకే. భాగ్యమ్మకు ఏమీ తేవడం లేదు. ఏం తెచ్చినా అది నన్ను నేను తేలిక చేసుకోవడమే అవుతుంది. ఆమె అడిగినది ఒక్కటే, అది నా దగ్గరే ఉంది.

ఆమెకు ఇలా చెప్పు. గొంగడి ఏ భుజం మీద ఉందో, ఏ చేత్తో తలుపు పట్టుకున్నాడో, పిల్ల గురించి చెప్పేటప్పుడు గొంతు ఎక్కడ ఆగిందో, అన్నీ నాకు గుర్తున్నాయి. నలభై తొమ్మిదేళ్ళుగా ఒక్కరోజూ అది పాతబడలేదు. ఆమె ప్రశ్న నాకు వినబడకపోతే పలక మీద రాయమను. రాయడం రాదంటే నువ్వు రాసిపెట్టు.

ఆమె ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెప్తాను.

మీ అత్తమ్మ
స్నేహలత